రుసుము లేని ఓపెన్ యాక్సెస్ ప్రచురణ

ఓపెన్ యాక్సెస్ అనగా పరిశోధన వ్యాసాలను చందా గానీ, వెల గానీ చెల్లించకుండా ఎవరైనా ఇంటర్నెట్‌లో చదువుకొనుటకు, దించుకొనుటకు, ఇతరులతో పంచుకొనుటకు వీలుగా అందుబాటులో ఉంచే విధానం. తెలుగులో దీనిని స్వేచ్ఛా ప్రవేశం లేదా సార్వత్రిక ప్రవేశం అనవచ్చును. పాఠకుల నుండి సొమ్ము తీసుకోని కొన్ని పత్రికలు ప్రచురణ ఖర్చును రచయితల నుండి వసూలు చేస్తాయి. ఈ కారణంగా ఓపెన్ యాక్సెస్ అంటే రచయిత డబ్బు కట్టి ప్రచురించుకోవడమే అనే అభిప్రాయం విశ్వవిద్యాలయాలలో వ్యాపించి ఉంది. ఇది పూర్తిగా నిజం కాదు. రచయితపై ఏ భారమూ పడకుండా వ్యాసాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చుటకు మూడు ముఖ్యమైన మార్గాలు కలవు. అవి: వ్యాసపు ప్రతిని రచయితే ఒక రిపాజిటరీలో భద్రపరచడం, రుసుము తీసుకోని పత్రికలో ప్రచురించడం, రుసుమును సంస్థ లేదా నిధులిచ్చినవారు భరించడం.

నేపథ్యం

పరిశోధన పత్రికల వ్యవస్థ మామూలు పుస్తక ప్రచురణకు భిన్నమైనది. నవలాకారునికో, పాఠ్యపుస్తక రచయితకో ప్రచురణకర్త పారితోషికం ఇస్తాడు. పరిశోధన వ్యాసం రాసిన వ్యక్తికి మాత్రం పత్రిక ఏమీ చెల్లించదు. ఆ వ్యాసాన్ని చదివి యోగ్యతను తేల్చే సమీక్షకులు కూడా సాధారణంగా ఉచితంగానే పనిచేస్తారు. వీరి జీతాలు, ప్రయోగశాలల ఖర్చులు చాలావరకు ప్రభుత్వ ధనం నుండే వస్తాయి. అయినప్పటికీ అచ్చయిన వ్యాసాన్ని చదువుటకు అదే విశ్వవిద్యాలయపు గ్రంథాలయం మళ్ళీ చందా కట్టవలసి వస్తుంది.

20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో పత్రికల చందాలు సాధారణ ధరల కంటే వేగంగా పెరిగాయి. గ్రంథాలయాలు ఏటా కొన్ని పత్రికలను మానుకోవలసి వచ్చింది. ధనిక దేశాలలోని పెద్ద విశ్వవిద్యాలయాలు సైతం ఇబ్బంది పడగా, వర్ధమాన దేశాలలోని కళాశాలలకు అనేక పత్రికలు అందకుండా పోయాయి. ఇంటర్నెట్ రాకతో ఒక ప్రతిని అదనంగా పంచుటకు అయ్యే ఖర్చు దాదాపు లేకుండా పోయింది. ఈ రెండు పరిణామాల నుండే ఓపెన్ యాక్సెస్ ఉద్యమం పుట్టింది.

చరిత్ర

1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతిక శాస్త్రవేత్త అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో ఒక సర్వరును ప్రారంభించాడు. భౌతిక శాస్త్రవేత్తలు తమ వ్యాసాలను పత్రికలలో అచ్చు కాకముందే అందులో ఉంచేవారు. ఇదే తరువాత ఆర్కైవ్ అను పేరుతో ప్రసిద్ధి చెందింది. 2001లో ఇది కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. ఇందులో వ్యాసం ఉంచుటకు గానీ, చదువుటకు గానీ రుసుము లేదు.

2002 ఫిబ్రవరి 14న వెలువడిన బుడాపెస్ట్ ఓపెన్ యాక్సెస్ ఇనిషియేటివ్ ప్రకటన ఈ పదానికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. రచయితలు తమ వ్యాసాలను స్వయంగా భద్రపరచుకోవడం, చందా లేని కొత్త పత్రికలను స్థాపించడం అనే రెండు మార్గాలను ఇది సూచించింది. ఈ ప్రకటనలో రచయిత రుసుము తప్పనిసరి అని ఎక్కడా లేదు. 2003లో బెథెస్డా, బెర్లిన్ ప్రకటనలు వెలువడినవి. అదే సంవత్సరం స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ (డీఓఏజే) అను పత్రికల సూచిక ప్రారంభమయింది.

రచయిత నుండి రుసుము తీసుకొనే పద్ధతిని 2000 తరువాత బయోమెడ్ సెంట్రల్, పబ్లిక్ లైబ్రరీ ఆఫ్ సైన్స్ (ప్లాస్) వంటి సంస్థలు వ్యాప్తిలోకి తెచ్చాయి. 2003 అక్టోబరులో మొదలైన ప్లాస్ బయాలజీ పత్రిక ప్రారంభంలో వ్యాసానికి 1,500 డాలర్లు తీసుకొనేది. తరువాతి కాలంలో పెద్ద వాణిజ్య ప్రచురణ సంస్థలు కూడా ఈ పద్ధతిని చేపట్టడంతో రుసుములు పెరిగాయి.

రకాలు

ఓపెన్ యాక్సెస్ పద్ధతులను రంగుల పేర్లతో పిలవడం వాడుకలో ఉంది.

* హరిత పద్ధతి (గ్రీన్): వ్యాసం ఏ పత్రికలో వచ్చినప్పటికీ, దాని ప్రతిని రచయిత ఒక రిపాజిటరీలో ఉంచుతాడు. రచయితకు ఖర్చు ఉండదు.
* స్వర్ణ పద్ధతి (గోల్డ్): పత్రికే వ్యాసాలన్నిటినీ ఉచితంగా అందిస్తుంది. వీటిలో కొన్ని రుసుము తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు.
* వజ్ర పద్ధతి (డైమండ్): పాఠకుని నుండీ, రచయిత నుండీ కూడా ఏమీ తీసుకోని పత్రికలు ఈ కోవలోకి వస్తాయి. వీటిని ప్లాటినం అని కూడా అంటారు.
* సంకర పద్ధతి (హైబ్రిడ్): చందా పత్రికలోనే, రుసుము కట్టిన రచయిత వ్యాసాన్ని మాత్రం అందరికీ తెరచి ఉంచుతారు. రుసుము కట్టనివారి వ్యాసాలు చందాదారులకు మాత్రమే అందుతాయి.

రుసుము కట్టలేని రచయిత సంకర పత్రికలో వ్యాసం ప్రచురించరాదని కాదు. చందా మార్గాన్ని ఎంచుకుంటే చాలా పత్రికలలో ఏమీ చెల్లించనవసరం లేదు. ఆ తరువాత హరిత పద్ధతిలో తన ప్రతిని భద్రపరచుకోవచ్చును.

ప్రచురణ రుసుము

వ్యాసం అంగీకరించబడిన తరువాత పత్రిక రచయిత నుండి తీసుకొనే మొత్తాన్ని ఆర్టికల్ ప్రాసెసింగ్ ఛార్జి (ఏపీసీ) అంటారు. ఇది పత్రికను బట్టి కొన్ని వేల రూపాయల నుండి అనేక లక్షల రూపాయల వరకు ఉంటుంది. 2020 నవంబరులో నేచర్ పత్రిక తన ఓపెన్ యాక్సెస్ రుసుమును 9,500 యూరోలుగా ప్రకటించినప్పుడు ప్రపంచవ్యాప్తంగా చర్చ జరిగింది.

భారతదేశపు పరిశోధక విద్యార్థి విషయంలో ఈ మొత్తాల బరువు తేలికగా తెలుస్తుంది. 2023 జనవరి నుండి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. 3,000 డాలర్ల రుసుము ఇంచుమించు రెండున్నర లక్షల రూపాయలు, అనగా ఏడు నెలల ఫెలోషిప్పు. ఏ ఫెలోషిప్పూ లేని విద్యార్థికి, ప్రాజెక్టు నిధులు లేని కళాశాల అధ్యాపకునికి ఇది అసాధ్యమైన మొత్తం.

రిపాజిటరీలో భద్రపరచడం

సొంత ఖర్చు లేకుండా ఓపెన్ యాక్సెస్ సాధించుటకు అన్ని శాస్త్ర విభాగాలవారికీ వీలైన మార్గం ఇదే. దీనిని అర్థం చేసుకొనుటకు ఒక వ్యాసానికి ఉండే మూడు దశలను తెలుసుకోవాలి.

* ప్రీప్రింట్: పత్రికకు పంపే ముందు లేదా పంపేటప్పుడు ఉన్న ప్రతి. దీనికి సమీక్ష జరిగి ఉండదు.
* అంగీకృత ప్రతి: సమీక్షకుల సూచనల ప్రకారం దిద్దిన తరువాత సంపాదకుడు అంగీకరించిన ప్రతి. ఇందులో విషయం తుది రూపానికి వచ్చి ఉంటుంది. పత్రిక వారి పేజీ అమరిక, చిహ్నాలు మాత్రం ఉండవు.
* ప్రచురిత ప్రతి: పత్రికలో వెలువడిన తుది ప్రతి.

ప్రీప్రింటును ఉంచుకొనుటకు ఎక్కువ పత్రికలు అభ్యంతరం చెప్పవు. అంగీకృత ప్రతిని ఉంచుకొనుటకు కూడా అనేక పత్రికలు అనుమతిస్తాయి, కానీ కొంత కాలం ఆగవలసిందిగా షరతు పెడతాయి. ఈ గడువును ఎంబార్గో అంటారు. ఇది సాధారణంగా 6 నుండి 24 నెలల వరకు ఉంటుంది. ప్రచురిత ప్రతిని ఉంచుటకు మాత్రం చందా పత్రికలు సాధారణంగా ఒప్పుకోవు. కాబట్టి అంగీకృత ప్రతిని జాగ్రత్త చేసుకోవడం రచయితకు ముఖ్యం. వ్యాసం వెలువడిన కొన్నేళ్ళకు ఆ ప్రతి కోసం వెదికితే దొరకకపోవచ్చును.

ఏ పత్రిక ఏ ప్రతిని, ఎక్కడ, ఎప్పుడు ఉంచనిస్తుందో తెలిపే ఉచిత సూచిక ఒకటి ఉంది. బ్రిటన్‌లోని జిస్క్ సంస్థ నిర్వహించే ఈ సూచిక చాలా కాలం షెర్పా రోమియో అను పేరుతో ప్రసిద్ధి చెందింది. 2024లో దీని పేరు ఓపెన్ పాలసీ ఫైండర్‌గా మారింది.

రిపాజిటరీలు ప్రధానంగా రెండు రకాలు. విశ్వవిద్యాలయం లేదా పరిశోధన సంస్థ తన వారి కోసం నడిపేది సంస్థాగత రిపాజిటరీ. ఒక శాస్త్రానికి చెందిన వారందరి కోసం నడిచేది విషయ రిపాజిటరీ. భౌతిక, గణిత, కంప్యూటర్ శాస్త్రాలకు ఆర్కైవ్, జీవ శాస్త్రానికి 2013లో మొదలైన బయోఆర్కైవ్, వైద్యానికి 2019లో మొదలైన మెడ్‌ఆర్కైవ్ ఈ రెండవ రకానికి చెందినవి. తన సంస్థకు రిపాజిటరీ లేనివారు, ఏ విభాగానికి చెందినవారైనా, 2013లో సెర్న్ సహకారంతో ప్రారంభమైన జెనోడోను వాడుకోవచ్చును. ఇది కూడా ఉచితం. వ్యక్తిగత వెబ్‌సైటులోనో, పరిశోధకుల సామాజిక మాధ్యమాలలోనో పెట్టిన ప్రతి కాలక్రమంలో కనుమరుగయ్యే ప్రమాదం ఉంది కనుక అది రిపాజిటరీకి ప్రత్యామ్నాయం కాదు.

కాపీహక్కులు

వ్యాసం అంగీకరించబడినప్పుడు పత్రిక వారు రచయితతో ఒక ఒప్పందంపై సంతకం చేయిస్తారు. కాపీహక్కును పూర్తిగా ప్రచురణకర్తకు బదిలీ చేసినట్లయితే, తన వ్యాసాన్నే పంచుకొనుటకు రచయిత ఆ ఒప్పందపు షరతులకు కట్టుబడి ఉండాలి. భారత కాపీహక్కు చట్టం, 1957లోని 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా, బదిలీ చేసే వ్యక్తి సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాబట్టి సంతకానికి ముందే షరతులను చదువుకోవడం, అవసరమైతే మార్పు కోరడం రచయిత చేతిలోనే ఉంది.

2008 ఫిబ్రవరి 12న హార్వర్డ్ విశ్వవిద్యాలయపు కళలు, శాస్త్రాల విభాగం అధ్యాపకులు ఒక తీర్మానం చేసి, తమ వ్యాసాలను పంచే హక్కును ముందుగానే విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. ఆ హక్కు అంతకు ముందే ఇవ్వబడి ఉండుట వలన తరువాతి ఒప్పందం దానిని పూర్తిగా హరించలేదు. ఐరోపా నిధి సంస్థలు 2018 సెప్టెంబరులో ప్రకటించిన ప్లాన్ ఎస్ కూడా తరువాత ఇటువంటి హక్కుల పరిరక్షణ విధానాన్నే చేపట్టింది. దీని ప్రకారం రచయిత వ్యాసాన్ని పంపేటప్పుడే, దాని అంగీకృత ప్రతికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు వర్తిస్తుందని అందులో ఒక వాక్యం చేరుస్తాడు.

రుసుము తీసుకోని పత్రికలు

డీఓఏజే సూచికలో 20,000కు పైగా పత్రికలు కలవు. వాటిలో మూడింట రెండు వంతులకు దగ్గరగా రచయిత నుండి ఏ రుసుమూ తీసుకోవు. ఈ సూచికలో రుసుము లేని పత్రికలను విడిగా వెదకవచ్చును. 2021లో వెలువడిన ఒక అధ్యయనం ప్రపంచంలో 17,000 నుండి 29,000 వరకు వజ్ర పద్ధతి పత్రికలు ఉండవచ్చునని అంచనా వేసింది. వీటిలో అధిక భాగం చిన్న పత్రికలు. విశ్వవిద్యాలయ శాఖలు, శాస్త్ర సంఘాలు, ప్రభుత్వ సంస్థలు వీటిని నడుపుతాయి.

ఈ పద్ధతి చిన్న పత్రికలకే పరిమితం కాదనుటకు జర్నల్ ఆఫ్ మెషీన్ లెర్నింగ్ రీసెర్చ్ ఉదాహరణ. 2001లో మెషీన్ లెర్నింగ్ అనే చందా పత్రిక సంపాదక వర్గానికి చెందిన 40 మంది రాజీనామా చేసి, అంతకు ముందు సంవత్సరమే మొదలైన ఈ ఉచిత పత్రికకు మద్దతు తెలిపారు. నేడు ఇది ఆ రంగంలోని అగ్రశ్రేణి పత్రికలలో ఒకటి. గణిత శాస్త్రవేత్త తిమోతీ గవర్స్ చొరవతో 2016లో డిస్క్రీట్ అనాలిసిస్ అనే పత్రిక మొదలయింది. ఇందులోని వ్యాసాలు ఆర్కైవ్‌లోనే ఉంటాయి. పత్రిక సమీక్షను మాత్రమే నిర్వహిస్తుంది. ఆ కారణంగా దీని ఖర్చు బహు స్వల్పం.

సామాజిక, మానవీయ శాస్త్రాలలో 2015లో ప్రారంభమైన ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్ అనేక గ్రంథాలయాలు ఇచ్చే చందాలతో నడుస్తుంది. లాటిన్ అమెరికాలో బ్రెజిల్ కేంద్రంగా 1990ల చివరలో మొదలైన సైయెలో వేదిక వందలాది పత్రికలను పాఠకులకు ఉచితంగా అందిస్తున్నది.

రుసుమును ఇతరులు భరించే పద్ధతులు

* నిధి సంస్థలు: కొన్ని సంస్థలు ప్రాజెక్టు నిధులలోనే ప్రచురణ ఖర్చుకు అవకాశం ఇస్తాయి. ప్రాజెక్టు ప్రతిపాదన రాసేటప్పుడే ఈ మొత్తాన్ని కోరవలసి ఉంటుంది.
* సంస్థాగత ఒప్పందాలు: గ్రంథాలయాలు చందా, ప్రచురణ రెండింటికీ కలిపి ఒకే మొత్తం చెల్లిస్తాయి. జర్మనీలోని సంస్థలు ప్రాజెక్ట్ డీల్ పేరుతో 2019లో వైలీతో, 2020లో స్ప్రింగర్ నేచర్‌తో, 2023లో ఎల్సెవియర్‌తో ఇటువంటి ఒప్పందాలు చేసుకున్నాయి. సాధారణంగా సంప్రదింపు రచయిత ఏ సంస్థకు చెందినవాడో ఆ సంస్థ ఒప్పందమే వర్తిస్తుంది. విదేశీ సహరచయితలు ఉన్న వ్యాసాలకు ఇది ముఖ్యమైన విషయం.
* సామూహిక నిధి: కణ భౌతిక శాస్త్రంలో సెర్న్ నాయకత్వాన 2014 జనవరిలో మొదలైన స్కోప్3 పథకం గ్రంథాలయాల చందా సొమ్మును ప్రచురణ ఖర్చుకు మళ్ళించింది. ఇందులో చేరిన పత్రికలలో ఆ రంగపు వ్యాసాలకు ఏ దేశపు రచయితా రుసుము కట్టనవసరం లేదు.
* మినహాయింపులు: అనేక పత్రికలు పేద దేశాల రచయితలకు రుసుమును పూర్తిగా గానీ, సగం గానీ తగ్గిస్తాయి. దీనికి తరచుగా రీసెర్చ్4లైఫ్ దేశాల జాబితాను ఆధారంగా తీసుకుంటారు. భారతదేశపు ఆర్థిక వ్యవస్థ పరిమాణం పెద్దది కావడంతో ఆ జాబితాలో భారతదేశానికి చోటు లేదు. కాబట్టి భారతీయ రచయితకు ఈ మినహాయింపు దానంతట అది రాదు. నిధులు లేవని వివరిస్తూ విడిగా దరఖాస్తు చేసుకోవాలి. దీనిని వ్యాసం పంపేటప్పుడే కోరాలని చాలా పత్రికలు నియమం పెడతాయి. అంగీకారం తరువాత కోరితే తిరస్కరించవచ్చును.

భారతదేశంలో

భారతదేశంలో పత్రికలను ఉచితంగా అందించే సంప్రదాయం కొత్తది కాదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ ప్రచురించే ప్రమాణ, సాధన, రెజొనెన్స్ వంటి పత్రికల వ్యాసాలు అకాడమీ వెబ్‌సైటులో ఉచితంగా లభిస్తాయి. 1932లో స్థాపించబడిన కరెంట్ సైన్స్ కూడా ఈ కోవలోనిదే. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పత్రికలను ఆ సంస్థ వేదికపై చదువుకోవచ్చును. దేశంలో ఓపెన్ యాక్సెస్ కొరకు దీర్ఘకాలం కృషి చేసినవారిలో సుబ్బయ్య అరుణాచలం ప్రముఖుడు.

2002లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ దేశంలో మొదటి సంస్థాగత రిపాజిటరీని ప్రారంభించింది. 2006లో రూర్కెలాలోని జాతీయ సాంకేతిక సంస్థ తన అధ్యాపకుల వ్యాసాలను భద్రపరచడం తప్పనిసరి చేసింది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో గల ఇక్రిశాట్ 2009లో ఇటువంటి నియమాన్నే తెచ్చింది. మెట్ట పంటలపై ఆ సంస్థ శాస్త్రవేత్తలు రాసిన వ్యాసాలు దాని రిపాజిటరీలో లభిస్తాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ తన నిధులతో జరిగిన జీవవైద్య పరిశోధనల వ్యాసాలు ఓపెన్ యాక్సెస్‌లో ఉండాలని కోరుతుంది.

2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించాలని నిర్దేశించింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగలో నేడు లక్షలాది సిద్ధాంత గ్రంథాలు ఉన్నాయి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల గ్రంథాలు, వాటిలో తెలుగు సాహిత్యంపై తెలుగులోనే రాసినవి కూడా, ఇందులో కలవు. విద్యార్థి ఏమీ చెల్లించకుండా తన పరిశోధనను లోకానికి అందించే మార్గాలలో ఇది ఒకటి.

2014 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వపు జీవసాంకేతిక విభాగం, శాస్త్ర సాంకేతిక విభాగం కలిసి ఓపెన్ యాక్సెస్ విధానాన్ని ప్రకటించాయి. ఈ విభాగాల నిధులతో చేసిన పరిశోధనల అంగీకృత ప్రతిని, అంగీకారం లభించిన రెండు వారాలలో రిపాజిటరీలో చేర్చాలి. విజ్ఞాన శాస్త్రాలకు ఆరు నెలలు, మానవీయ, సామాజిక శాస్త్రాలకు పన్నెండు నెలలు మించని ఎంబార్గోను ఇది సూచించింది. ఇది పూర్తిగా హరిత పద్ధతిపై ఆధారపడిన విధానం. 2019లో భారతదేశం ప్లాన్ ఎస్‌లో చేరనున్నదని ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కె. విజయరాఘవన్ మొదట తెలిపినప్పటికీ, అదే ఏడాది చివరకు చేరడం లేదని ప్రకటించాడు.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని ఆమోదించింది. 2025 నుండి మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించిన ఈ పథకం క్రింద 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. ప్రధానంగా ఇది చదివే సౌకర్యానికి సంబంధించినది. భారతీయ పరిశోధకుల వ్యాసాలు దేశంలోని మిగిలిన పాఠకులకు, ప్రైవేటు కళాశాలలకు, ఇతర దేశాలవారికి అందాలంటే రిపాజిటరీల అవసరం అలాగే ఉంది.

మోసపూరిత పత్రికలు

రుసుము పద్ధతి ఒక చెడు పర్యవసానానికి దారితీసింది. సమీక్ష జరపకుండానే డబ్బు తీసుకొని ఏ వ్యాసాన్నైనా ప్రచురించే పత్రికలు పుట్టుకొచ్చాయి. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బోహానన్ అనే విలేఖరి, తప్పులతో నిండిన ఒక కల్పిత వ్యాసాన్ని 304 పత్రికలకు పంపగా 157 పత్రికలు అంగీకరించాయి. వాటిలో పెద్ద సంఖ్యలో భారతదేశం నుండి నడిచేవి ఉన్నాయి. హైదరాబాదుకు చెందిన ఓమిక్స్ గ్రూపుపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమీక్ష గురించి, రుసుము గురించి రచయితలను మోసగించిందన్న ఆరోపణలపై 2019 మార్చిలో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

పీహెచ్‌డీకి, పదోన్నతులకు వ్యాసాల సంఖ్యను కొలమానంగా పెట్టడం ఇటువంటి పత్రికలకు గిరాకీ తెచ్చింది. యూజీసీ 2018లో కేర్ పేరుతో ప్రకటించిన ఆమోదిత పత్రికల జాబితా విధానాన్ని 2025లో నిలిపివేసి, పత్రికల ఎంపికకు ప్రమాణాలను మాత్రం సూచించింది. సిద్ధాంత గ్రంథం సమర్పణకు ముందు వ్యాసం ప్రచురించాలన్న నిబంధనను 2022 నియమావళిలో తొలగించింది.

వ్యాసం పంపమని పదే పదే ఉత్తరాలు రావడం, కొద్ది రోజులలోనే అంగీకారం తెలపడం, రుసుమును ముందుగా వెల్లడించకపోవడం, సంపాదకుల పేర్లు వారికి తెలియకుండానే వాడుకోవడం మోసపూరిత పత్రికల సాధారణ లక్షణాలు. రుసుము తీసుకొనే ప్రతి పత్రికా మోసపూరితం కాదు. అలాగే రుసుము లేనంత మాత్రాన పత్రిక నాణ్యమైనదని చెప్పలేము.

పరిశోధకులు అనుసరించదగిన క్రమం

# తన రంగంలో రుసుము తీసుకోని పత్రికలు ఏవో డీఓఏజేలో చూడాలి. తన వ్యాసంలో ఉదహరించిన పత్రికలు ఆ జాబితాలో ఉన్నాయేమో పోల్చుకోవాలి.
# తగిన పత్రిక చందా పద్ధతిలోనిదైతే, అది భద్రపరచుటకు ఇచ్చే అనుమతిని, ఎంబార్గోను ముందుగానే తెలుసుకోవాలి.
# నిధి సంస్థ నియమాలను, తన గ్రంథాలయానికి ఉన్న ఒప్పందాలను గ్రంథాలయాధికారి ద్వారా తెలుసుకోవాలి.
# రుసుము ఉన్న పత్రికే తగినదైతే, వ్యాసం పంపేటప్పుడే మినహాయింపు కోరాలి.
# పత్రిక అనుమతిస్తే ప్రీప్రింటును రిపాజిటరీలో ఉంచాలి.
# ఒప్పందంపై సంతకం చేసే ముందు కాపీహక్కు షరతులను చదవాలి. ఐచ్ఛికమైన ఓపెన్ యాక్సెస్ రుసుముకు పొరపాటున అంగీకారం తెలపకుండా చూసుకోవాలి.
# అంగీకారం రాగానే అంగీకృత ప్రతిని రిపాజిటరీలో చేర్చాలి. ఎంబార్గో ఉంటే గడువు తీరిన తరువాత తెరుచుకునేలా అమర్చవచ్చును.

విమర్శలు

హరిత పద్ధతిలో పాఠకుడు తుది ప్రతిని కాక అంగీకృత ప్రతిని చదవవలసి రావడం, ఎంబార్గో కారణంగా ఆలస్యం కావడం లోపాలుగా చెబుతారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2008 నుండి అనుమతించిన 12 నెలల గడువును 2025 జూలై 1 నుండి తొలగించుటకు ఈ ఆలస్యమే ఒక కారణం. వజ్ర పద్ధతి పత్రికలు ఎక్కువగా స్వచ్ఛంద శ్రమపై నడుస్తాయి. నిర్వాహకులు పదవీ విరమణ చేసినప్పుడు కొన్ని ఆగిపోతుంటాయి. పాత సంచికలను శాశ్వతంగా భద్రపరచే ఏర్పాటు అన్నిటికీ లేదు. రుసుము పద్ధతిపై ఉన్న విమర్శ మరింత తీవ్రమైనది. చందా పద్ధతి పేద పాఠకుని చదవకుండా అడ్డుకోగా, రుసుము పద్ధతి పేద పరిశోధకుని ప్రచురించకుండా అడ్డుకుంటుందని విమర్శకుల వాదన. 2021 నవంబరులో యునెస్కో ఆమోదించిన ఓపెన్ సైన్స్ సిఫారసు, రచయిత రుసుముపై ఆధారపడని ప్రచురణ నమూనాలకు సభ్యదేశాలు తోడ్పడాలని సూచించింది.

ఇవి కూడా చూడండి

* క్రియేటివ్ కామన్స్
* కాపీహక్కులు
* శోధ్‌గంగ
* విశ్వవిద్యాలయ నిధుల సంఘం
* ఇక్రిశాట్